ప్లేటు మీద రెండువేల ఆరువందల వోల్టులు

ఆదివారం ఉదయం ఏడు గంటల ముప్ఫై ఒక్క నిమిషానికి రాబర్ట్ మాస్టారు బతికే ఉన్నారు. అందుకు ఆయన గొంతే సాక్ష్యం. పన్నెండూ పదికి ఆయన భార్య ఎలీసమ్మ గారు చర్చి నుంచి వచ్చి రేడియో గది తలుపు తోసేసరికి ప్రాణం లేదు. ఈ రెండు టైముల మధ్య ఏం జరిగిందో తేల్చడానికి మాకు మంగళవారం సాయంత్రం నాలుగు వరకే గడువు. మేం కళింగపట్నంలో జీపు దిగేటప్పటికి రెండూ ఇరవై అయింది.

మేం అంటే డిటెక్టివ్ తాయారు గారూ, నేనూ. ఆవిడ పోలీసు శాఖలో ఇరవై రెండేళ్ళు పనిచేసి, పై అధికారితో పడక రాజీనామా కాగితం ఆయన మొహాన కొట్టి, విజయనగరంలో సొంత ఆఫీసు పెట్టుకున్నారు. నా పేరు జోగయ్య. ముప్ఫై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కి, రిటైరయ్యాక ఆవిడ జీపు తోలుతున్నాను. పదకొండువేల వోల్టుల తీగ కింద కూర్చుని క్యారేజీ విప్పుకున్నవాణ్ణి. ఇళ్ళల్లో వాడే పెట్టెల్లో ఏముంటుందిలే అని నాకో చిన్నచూపు ఉండేది. ఆ మధ్యాహ్నం అది వదిలింది.

మమ్మల్ని పిలిపించినవాడు బెన్హర్. ముప్ఫై ఏళ్ళుంటాయి. చేపల పడవల ఇంజన్లూ వైర్‌లెస్ సెట్లూ బాగుచేస్తాడు. గడ్డం మాసి, కళ్ళు ఎర్రబడి, గేటు దగ్గరే మా కోసం నిలబడి ఉన్నాడు.

"నాలుగ్గంటలకి పోలీసోల్లు మా సెల్లి శాంతిని అట్టుకెల్లిపోతారంటమ్మా," అన్నాడు. "ఎలాగైనా ఆపాల."

"ఏం జరిగిందో ముందు చెప్పు."

"మాస్టారు కరెంటు కొట్టి పోయినారు. గొంతుని దూరం పంపే ఆయన ఆంప్లిఫయర్ పెట్టెలో ట్యూబు మాడిపోయినాది. వోల్టేజి హద్దు దాటిపోయి తెల్లగా అయిపోయినాది. యాక్సిడెంటని తేలాలని ఆ మాట సి.ఐ. గారికి నేనే సెప్పినాను. అదే కొంప ముంచినాది. మరి అంత వోల్టేజి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు ఎవరు సుట్టినారని ఆయన అడిగినాడు. శాంతి సుట్టిందని ఎలీసమ్మ గారు సెప్పీసినారు."

"నువ్వు ఆదివారం పొద్దున్న ఎక్కడున్నావ్?"

"తొమ్మిదికి సర్చిలో కీబోర్డు వాయించినాను. అంతకు ముందు ఇంటికాడే."

తాయారు గారు ఈ ప్రశ్న ఎవరినీ అడక్కుండా వదలరు. ఒకసారి నన్నే అడిగారు. అందుకని నేను పట్టించుకోలేదు.

ఎలీసమ్మ గారు వరండాలో తెల్లచీర కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. డెబ్బై దాటిన మనిషి. ఏడుపు ఒక పక్కన పెట్టి, అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పారు.

"ఏడింటికి పది నిముషాలుందనగా నాను బయల్దేరినాను. మొదటి ఆదివారం గదా, సర్చిలో ప్రభువు బల్ల మీద రొట్టే ద్రాచ్చరసమూ సర్దాల. ఆయన తొమ్మిదికి రావాల. రానేదు. మాటల్లో పడిపోయినారనుకున్నాను. నలభై యేళ్ళుగా ఆ రేడియో నాకు సవితి."

"శనివారం ఎవరైనా వచ్చారా?"

"ఐదు నుంచి ఏడు దాకా నాను ప్రార్థన కూడికకి ఎల్లినాను. అప్పుడెవరైనా వచ్చినారేమో తెల్దు. నాను వచ్చీసరికి ఒక్కరే ఉన్నారు గాని అన్నం ముట్టుకోనేదు. 'సముద్రం మీంచి పొద్దున్నే ఒక దొంగ గొంతు ఇంటన్నాను. ఆ గొంతుగలాడు రేపు సర్చిలో సంఘం ముందర నిలబడి ఒప్పుకోవాల. ఆడు నిలబడకపోతే నాను నిలబడి సెప్పాల' అన్నారు. ఎవడని అడిగితే సెప్పనేదు."

తాయారు గారు ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నారు. తరవాత శాంతిని పిలిచారు.

శాంతికి ఇరవై నాలుగేళ్ళు. బి.ఎస్సీ. చదివి, మాస్టారి దగ్గర రేడియో నేర్చుకుని, హామ్ పరీక్ష పాసై, లైసెన్సు కోసం ఎదురుచూస్తోంది. హామ్ అంటే సొంత రేడియోతో గాలిలో మాట్లాడుకునే మనిషి. ఆ లైసెన్సు రావాలంటే పోలీసులు మంచిదని రాయాలి. ఇప్పుడు ఆ పోలీసులే అరెస్టుకి వస్తున్నారు. అయితే ఆ పిల్లని తినేస్తున్న బెంగ అది కాదు.

"నేనే సంపేశానమ్మా," అంది కూర్చోకుండానే.

"ఎలా చంపావ్?"

"పెద్ద ట్యూబు పేరు ఎనిమిదొందల పదమూడు. గాజు లోపల నల్లగా కనబడేది ప్లేటు. దానిమీద ఎంత వోల్టేజి పెడితే గొంతు అంత దూరం పోతాది. ఆపకుండా వాడితే రెండువేలు హద్దని పుస్తకంలో ఉన్నాది. నా ట్రాన్స్‌ఫార్మరు రెండువేల ఆరువందలు ఇస్తాది."

"అంత పెట్టమన్నదెవరు?"

"మాస్టారే. 'ఆ హద్దు రాత్రీ పగలూ మోగే స్టేషన్లకి గుంటా. మనం మాటాడతాం, ఊపిరి తీసుకుంటాం. ఆ ఊపిరి సందులో ట్యూబు సల్లారిపోతాది' అన్నారు. నేను నమ్మినాను. నాలుగు నెలలు కూర్చుని ఒక్కో చుట్టూ లెక్కపెట్టి సుట్టినాను. మాస్టారు సరిగ్గానే సెప్పుంటారు. నేనే లెక్క తప్పుంటాను."

"ఆదివారం తరవాత ఆ గదిలోకి వెళ్ళావా?"

"నేదమ్మా. పోలీసులు నన్ను గుమ్మం కూడా తొక్కనివ్వనేదు."

"ఇప్పుడు పద. పంచనామా అయిపోయింది. తాళం ఎలీసమ్మ గారి దగ్గరే ఉంది."

మేం లోపలికి వెళ్ళాం. అప్పుడు రెండూ యాభై.

ఆ పెట్టెని చూశాక నేను వెనక్కెళ్ళి చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాను. నడుమెత్తు పనసచెక్క పెట్టె అది. బొబ్బిలిలో వీణలు చేసే మాస్టారి స్నేహితుడు చేసిచ్చాడట. మూలలన్నీ వీణ కుండకి తీర్చినంత నున్నగా తీర్చాడు. లోపల నూనె డబ్బాల రేకు తాపడం చేసి ఉంది. ఫ్రిజ్జు రాగి గొట్టాన్ని వంచి చుట్టలు చుట్టారు. రైసు మిల్లులో పారేసిన ఇనుపరేకుల మీద శాంతి ట్రాన్స్‌ఫార్మరు చుట్టింది. వరసకి ఒక కాగితం వేసి, తీగకి తీగ ఆనిస్తూ, ఎక్కడా వెంట్రుకవాసి సందు లేకుండా చుట్టింది. నేను వందల ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కించాను, దించాను. చేత్తో అలా చుట్టినది ఒక్కటీ చూడలేదు. కొన్న సామాను ఆ పెట్టెలో పావలా వంతు ఉండదు. మిగతాదంతా ఒక బడిపంతులు, ఒక ఆడపిల్ల, ఒక వడ్రంగి కలిసి ఊళ్ళో పారేసిన తుక్కులోంచి పుట్టించారు. దాంతో ఆయన రోజూ పొద్దున్న సముద్రాల అవతలి మనుషుల్ని పేరుపెట్టి పలకరించేవారు.

"జోగయ్యా, చూపులు చాలు, పని చూడు," అన్నారు తాయారు గారు. ఫోను తీసి బల్ల మీద పెట్టారు. "ముందు ఇది వినండి."

పెట్టె చేసిన ఆ వీణల ఆయన కూడా హామే. పొద్దున్న గాలిలో హాములంతా కూడే గంటని రోజూ సెల్లో రికార్డు చేసుకుంటాడు. మేం పనిగట్టుకుని బొబ్బిలి మీదుగా వచ్చింది అందుకే. రాబర్ట్ మాస్టారి గొంతు నిదానంగా వినిపించింది.

"మీటరు ఉన్నట్టుండి సున్నాకి పడిపోయింది. నా సిగ్నల్ ఎలా ఉంది?"

"అదిరిపోతోంది మాస్టారూ, ఏం తగ్గలేదు."

"అయితే కట్టేసి, మూత తీసి చూస్తాను. అందరికీ నమస్కారం."

"ఏడూ ముప్ఫై ఒకటి," అన్నారు తాయారు గారు. శాంతి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడ ఆ పిల్లని ఎక్కువసేపు అలా ఉండనివ్వలేదు. "మూత తీసేముందు ఆయన ఏం చేసేవారు?"

"స్విచ్చి కట్టేసి ప్రభువు ప్రార్థన ఒకసారి సెప్పుకుంటారు. అది అయ్యేలోగా లోపల నిలవున్న కరెంటు ఖాళీ అయిపోతాది. అయినా నమ్మరు. ఆ కర్ర తీసి ప్లేటుకి తగిలిస్తారు. మిగిలుంటే టప్పుమని నేలలోకి పోతాది. అప్పుడే సెయ్యి పెడతారు. నలభై యేళ్ళలో ఒక్కసారి మానలేదంట."

కర్ర గోడకి వేలాడుతోంది. వెదురు కర్ర, చివర రాగి కొక్కెం, కొక్కెం నుంచి ఎర్త్‌కి లావుపాటి తీగ. ఇది నా విద్య. మా లైన్ల మీద ఇలాంటి కర్ర లేకుండా ఎవడూ తీగ ముట్టుకోడు. తీగని కొసనుంచి కొసకి వేళ్ళతో నలుపుకుంటూ వచ్చాను. అన్నిచోట్లా గట్టిగా వంగింది. పిడికి జానెడు కింద ఒక్కచోట మాత్రం మెత్తగా మడత పడింది. మీటరు పెట్టి చూస్తే ఈ కొసకీ ఆ కొసకీ సంబంధం లేదు.

"లోపల రాగి కత్తిరించీసినాడమ్మా," అన్నాను. "పైన తొడుగు సీల్చి, కోసి, మళ్ళీ జిగురుతో అతికినాడు. ఈ కర్ర తగిలించినా ఒకటే, మానినా ఒకటే."

ఇక నేను ఆగలేదు. పెట్టె మూత తీసి, శాంతి చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించి, కెపాసిటర్ల పక్కనున్న పొడుగు రెసిస్టర్ని చూశాను. స్విచ్చి కట్టేశాక నిలవ కరెంటుని ఖాళీ చేసేది అదే. నీళ్ళ ట్యాంకుకి అడుగు కుళాయి లాంటిది. మీటరు కూడా దాని వెంటే నడుస్తుంది. పెట్టెలో ఉన్న టంకాలన్నీ ఏళ్ళు గడిచి మసకబారాయి. ఈ రెసిస్టరు పైకాలి దగ్గర టంకం మాత్రం కొత్తరూపాయిలా మెరుస్తోంది.

ఏం జరిగిందో నాకు కళ్ళకి కట్టింది. శనివారం ఎవడో ఆ కాలు వదులు చేశాడు, కర్ర తీగ కోశాడు. ఆదివారం వేడికీ అదురుకీ కాలు ఊడింది. మీటరు సున్నా అయింది. కరెంటు మాత్రం అలాగే నిలిచింది. మాస్టారు కట్టేశారు, ప్రార్థన చెప్పుకున్నారు, కర్ర తగిలించారు, నిప్పు రాలేదు. ఖాళీ అయిందని నమ్మి చెయ్యి పెట్టారు. తరవాత వాడు మళ్ళీ వచ్చి కాలు టంకం పెట్టి పోయాడు. ఆ మంచి మనిషి జాగ్రత్తనే ఎరగా పెట్టి చంపారు.

"మరి ట్యూబు?" అన్నారు తాయారు గారు.

శాంతి వంగి పెట్టెలోకి తొంగి చూసింది. ఆదివారం నుంచి ఆ ట్యూబుని చూడటం ఆ పిల్లకి అదే మొదలు. జానెడు పొడవు గాజు బుడ్డి, లోపల ఒక పక్కన పాలు పూసినట్టు తెల్లగా ఉంది. శాంతి దాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకి తీసింది.

"ఇది మాడింది కాదమ్మా," అంది నెమ్మదిగా. "ట్యూబు లోపల అద్దంలాగ వెండిపూత ఉంటాది. గాజుకి పగులొచ్చి గాలి సొరబడితే ఆ పూత ఇలా తెల్లబడతాది. వోల్టేజికి తెల్లబడదు."

"తెల్లబడ్డాక పనిచేస్తుందా?"

"ఒక్క క్షణం కూడా సెయ్యదు."

"ఏడూ ముప్ఫై ఒకటికి సిగ్నల్ అదిరిపోతోందన్నాడు బొబ్బిలాయన. అంటే అప్పుడున్నది ఈ ట్యూబు కాదు. తరవాత మార్చారు. హద్దు దాటి మాడిందని మనం నమ్మాలి, అందుకు. తెల్లబడితే మాడినట్టే అనుకున్నాడు వాడు. హద్దులు కాగితం మీద చదివాడు గానీ ట్యూబు చావు ఎన్నడూ చూడలేదు." తాయారు గారు బ్యాటరీ లైటు వేసి ట్యూబు అడుగున ఉన్న లోహపు పట్టీని పరీక్షించారు. "ఇక్కడ ఎర్రరంగు ఏదో గోకేశారు. ఏమిటిది?"

"నంబరు. మాస్టారు ఎలీసమ్మ గారి గోళ్ళరంగుతో నంబరేసీవారు. రంగు పోయినా ఉంటాదని ముందు సూదితో గీస్తారు."

గీత ఉంది. లైటు వాలుగా పడితే నాలుగు అంకె కనిపించింది.

శాంతి అలమర్లోంచి పొడుగాటి రిజిస్టరు తీసింది. బడి పిల్లల అడ్మిషన్ రిజిస్టరు. అందులో మాస్టారు ట్యూబుల్ని చేర్చుకున్నారు. నంబరు, చేరిన తేదీ, ఎక్కడినుంచి వచ్చింది, ప్లేటు మీద ఎంత వోల్టేజి, నడవడిక. నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. నాలుగో నంబరు ఎదురుగా '2009 ఆగస్టు, గాలి చొరబడినది, మరణము' అని ఉంది. పదకొండో నంబరు ఎదురుగా ఇలా ఉంది: '2600 వోల్టులు. అరవై ఒక్క దినములు. ప్లేటు ఒక్కమారు కూడ ఎరుపు తిరగలేదు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టినది శాంతి. గురువును మించినది.'

ఆ చివరి మాట చదివి శాంతి నేలమీద కూలబడింది. మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆదివారం పెట్టెలో ఉండాల్సిన ఆ పదకొండో నంబరు గదిలో ఎక్కడా లేదు.

మూడూ నలభైకి బయట జీపు ఆగింది. సి.ఐ. మురళీమోహన్ ఇరవై నిమిషాలు ముందే వచ్చాడు. ఒకప్పుడు తాయారు గారి కింద ఎస్సై. ఆ సంగతి గుర్తు చేస్తే ఒళ్ళు మండుతుంది, గుర్తు చెయ్యకపోయినా మండుతుంది.

"మీ దగ్గర శిక్షణ తీసుకున్న రోజులు అయిపోయాయి మేడమ్," అన్నాడు గుమ్మంలోనే. "అమ్మాయిని పంపించండి."

తాయారు గారు కర్ర చూపించారు, టంకం చూపించారు, రికార్డు వినిపించారు, నాలుగో నంబరు చూపించారు. అతను అన్నీ చూశాడు. తెలివితక్కువవాడు కాదు. ఒప్పుకోవడమే అతనికి కష్టం.

"కర్ర తీగ ఎప్పుడు తెగిందో ఎవరు చెప్తారు? ట్యూబు ఆయనే మార్చి ఉండొచ్చు. హద్దు రెండువేలు, పెట్టింది రెండువేల ఆరువందలు, మనిషి పోయాడు. జడ్జిగారికి ఈ మూడు ముక్కలు చాలు."

"మీ జీపులో ఎంతమందికి సీట్లు?"

"ఆరుగురికి."

"ఇప్పుడు తొమ్మిదిమంది దిగారు. టైరు పేలిందా?"

"టైరు సంగతి కాదు మేడమ్, నాకు ట్యూబు సంగతి కావాలి. రెండువేల ఆరువందలు తట్టుకుంటుందని నా కళ్ళముందు చూపించండి. అప్పుడు మీ కథంతా వింటాను. మాడిపోతే అమ్మాయి నాతో వస్తుంది."

తాయారు గారు శాంతి వైపు చూశారు. శాంతి కళ్ళు తుడుచుకుని లేచింది. తప్పు తనదో కాదో ఈ పరీక్షతో తేలిపోతుంది. అలమర్లోంచి తొమ్మిదో నంబరు తీసి బిగించింది. నేను కర్రకి కొత్త తీగ వేశాను. లైసెన్సు లేకుండా గాలిలో మాట్లాడకూడదు గనక ఏరియల్ వైరు ఊడదీసి, ఆ చోట రెండొందల వాట్ల బల్బులు రెండు తగిలించింది. ఏదైనా తేడా వస్తే కట్టెయ్యడానికి బెన్హర్‌ని మెయిన్ స్విచ్చి దగ్గర నిలబెట్టాం. ఎలీసమ్మ గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. భర్త పోయిన పెట్టె మళ్ళీ వెలుగుతుంటే చూడొద్దని ఎవరూ అనలేకపోయాం.

ఫిలమెంటు వెలిగింది. శాంతి రెండో స్విచ్చి వేసింది. ఎక్కడో లోపల చిన్న మూలుగు మొదలై, మీటరు ముల్లు లేచి, వెయ్యి దాటి, రెండువేలు దాటి, రెండువేల ఆరువందల దగ్గర నిలబడింది. సి.ఐ. ఒక అడుగు వెనక్కి వేశాడు. నేనూ వేశాను.

శాంతి మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. "ఒకటి," అంది.

బల్బులు భగ్గున వెలిగాయి. మాట ఆగగానే ఆరిపోయాయి. "రెండు," అంది. మళ్ళీ వెలిగాయి. ముప్ఫై ఏళ్ళు ఊరూరికీ వెలుగు మోసినవాణ్ణి. ఆ వెలుగంతా తీగలో వచ్చింది. ఈ వెలుగు ఒక ఆడపిల్ల గొంతులోంచి వస్తోంది. మెల్లగా అంటే మెల్లగా వెలుగుతోంది, గట్టిగా అంటే గది అంతా తెల్లబడుతోంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా చీకటి పడుతోంది, ఆ సందులో ట్యూబు సేద తీరుతోంది. మాస్టారు చెప్పింది ఇదే కదా అని అప్పుడు అర్థమైంది. నేను చేతులు జోడించాను. చూసి ఎవరైనా నవ్వుకున్నా సరే అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

పది నిమిషాలు మాట్లాడింది. నల్లటి ప్లేటు నల్లగానే ఉంది, ఎరుపు జాడ లేదు. ఎలీసమ్మ గారు మెల్లగా లోపలికి వచ్చి మైకు అడిగారు. నలభై యేళ్ళలో ఆవిడ దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

"ఏవండీ," అన్నారు. ఆ ఒక్క మాటకి బల్బులు వెలిగి ఆరాయి. ఆవిడ మైకు తిరిగి ఇచ్చేశారు. మెయిన్ స్విచ్చి దగ్గర బెన్హర్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ గదిలో కళ్ళు తడవనివాడు సి.ఐ. ఒక్కడే, అతనూ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

శాంతి కట్టేసింది. ముల్లు సున్నాకి దిగేదాకా పెదాలు కదిలాయి. కర్ర తగిలించి, మైకు పక్కన పెట్టింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆ పిల్ల భుజాలు నిటారుగా నిలిచాయి.

"సరే," అన్నాడు సి.ఐ. "వోల్టేజి చంపలేదు. ఎవడో చంపాడు. కానీ చచ్చిన ట్యూబు ఈ అలమర్లోదే అయితే ఇంట్లోకి వచ్చే ఎవరైనా తీసి పెట్టొచ్చు. ఈ అమ్మాయే పెట్టొచ్చు."

"సచ్చినవి అలమర్లో ఉండవు సర్," అంది శాంతి. తప్పు తనది కాదని తేలిన తేలికదనం గొంతులో వినిపిస్తోంది. "ఎవరైనా ముచ్చటపడి అడిగితే మాస్టారు టి.సి. రాసి ఇచ్చీసేవారు. సంతకం తీసుకునీవారు. ఎనక పేజీల్లో ఉంటాయి. నాలుగో నంబరు ఎవరికిచ్చారో ఇప్పుడే సూపిస్తాను."

రిజిస్టరు తిరగేసి వెనకనుంచి పేజీలు తిప్పింది. ఒకచోట వేలు ఆగింది. నేను ఆ పిల్ల భుజం వెనకే ఉన్నాను.

శాంతి ఆ లైను రెండుసార్లు చదివింది. తరవాత రిజిస్టరు మూసి గుండెలకి హత్తుకుంది. తల ఎత్తినప్పుడు ఆ మొహంలో రక్తం లేదు.

"ఇందులో నేదు సర్," అంది. "ట్యూబు మార్చింది నేనే. కర్ర తీగ కోసింది నేనే. నన్ను తీసుకెల్లండి." రిజిస్టరు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ముందుకి చాచింది.

సి.ఐ. కదల్లేదు. ఎలీసమ్మ గారు తలుపు పట్టుకున్నారు. తాయారు గారు నావైపు తిరిగారు.

"జోగయ్యా, నీకు కనబడిందా?"

కనబడింది. కనబడకపోయి ఉంటే బాగుండునని ఆ క్షణంలో దేవుణ్ణి అడిగాను. నాకూ చెల్లెళ్ళున్నారు. శాంతి తల తిప్పలేదు గానీ, చెప్పొద్దని ఆ వీపు నన్ను బతిమాలుతోంది. కానీ ఆ పెట్టె ముందు చెప్పులు విడిచి నిలబడినవాణ్ణి, అక్కడ అబద్ధం ఎలా ఆడను?

"రెండువేల పది, జూన్ పద్నాలుగు," అన్నాను. "నాలుగో నంబరు. పుచ్చుకున్నవారి సంతకం, బెన్హర్."

మెయిన్ స్విచ్చి దగ్గర గోడవైపు తిరిగి ఉన్న మనిషి మెల్లగా మావైపు తిరిగాడు. సముద్రం మీది ఆ దొంగ గొంతు పడవల వైర్‌లెస్ సెట్లు బాగుచేసే ఇతనిదేనని, సంఘంలో ఒప్పుకోమని మాస్టారు పట్టుబట్టింది ఇతన్నేనని నాకప్పుడు తట్టింది.

"సెల్లీ," అన్నాడు బెన్హర్. "సేతులు దించు."

శాంతి దించలేదు.